నీళ్ల కూలర్ పెట్టినా ఆగని హోరు: నేను ఫ్యాన్లు మార్చుకున్న వైనం

కంప్యూటర్‌కి వాటర్ కూలింగ్ అనగానే ఇక ఫ్యాన్ల గోల ఉండదని చాలామంది అనుకుంటారు. నీళ్లు చేసే పనల్లా ప్రాసెసర్ మీది వేడిని రేడియేటర్ దాకా, అంటే సన్నటి లోహపు రెక్కలుండే పలక దాకా, మోసుకెళ్లడమే. అక్కణ్ణుంచి దాన్ని బయటికి తోలాల్సింది మళ్లీ ఫ్యాన్లే. మామూలు కూలర్‌కి ఒకటో రెండో ఫ్యాన్లు సరిపోతే, 360 ఎంఎం రేడియేటర్‌కి మూడు కావాలి. కేబినెట్‌తో వచ్చినవి కూడా కలిపితే నా డబ్బాలో ఆరు తిరిగేవి: ముందు రెండు గాలి లోపలికి లాగడానికి, పైన రేడియేటర్ మీద మూడు, వెనక ఒకటి. ఈ చివరి నాలుగూ బయటికి తోసేవే.

నేను ఇంట్లోనే ఆడియో కథలు చదివి రికార్డు చేస్తాను, మిగతా టైములో వీడియో ఎడిటింగ్. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. కూకట్‌పల్లిలో మా పడకగది మూల, గోడకి అంటించిన ఫోము, ఒక మైకు. రికార్డింగప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపక తప్పదు, దాని గాలి మైకు మీద పడితే గుర్రుమంటుంది. అది ఆగితే గది వేడెక్కుతుంది, గది వేడెక్కితే కంప్యూటర్ ఫ్యాన్లు రేగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పదకొండు దాటాక కూర్చున్నా గదిలో 33, 34 డిగ్రీలుంటుంది. వెనకాల ఒక వీడియో రెండర్ అవుతుంటే (ఎడిట్ చేసింది ఫైలుగా తయారవుతుంటే) చదవడం మాట మరిచిపోవాల్సిందే.

మెషీన్ సంగతి: రైజెన్ 9 5900ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు. ఈ రెండిట్లో నీళ్ల కూలర్ ఉన్నది ప్రాసెసర్‌కే. అది గట్టిగా పనిచేస్తే తినేది 142 వాట్లు. కార్డు 320 వాట్లు. అంటే లోపల పుట్టే వేడిలో మూడింట రెండొంతులకు పైగా నీళ్లకి సంబంధం లేనిది. అది నేరుగా కేబినెట్ గాలిలోకి వస్తుంది. ఫ్యాన్ల సంగతి చూడాలనుకున్నప్పుడు నాకు ముందు తట్టాల్సింది ఈ లెక్కేనని ఇప్పుడనిపిస్తుంది గానీ, అందరిలాగే నేనూ ముందు చప్పుడు వెంటే వెళ్లాను.

చప్పుడు కొలవడానికి ఫోన్‌లో యాప్ పెట్టుకున్నాను. ఫోన్ మైకులు ఇచ్చే డెసిబెల్ అంకెని నమ్మలేం, కానీ ఫోన్ అదే చోట పెట్టి నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూసుకోవడానికి పనికొస్తుంది. దానికన్నా బాగా ఉపయోగపడింది నా దగ్గరున్న రికార్డింగ్ మైకే. ఏమీ మాట్లాడకుండా అర నిమిషం రికార్డు చేసి, ఆడాసిటీ అనే సౌండ్ ప్రోగ్రాంలో స్పెక్ట్రమ్ తీశాను, అంటే ఏ శ్రుతి దగ్గర ఎంత చప్పుడుందో చూపే గీత. 140 హెర్ట్జ్ దగ్గర ఒక ముల్లు, 280 దగ్గర చిన్న పిల్ల ముల్లు. కేబినెట్‌తో వచ్చిన ఫ్యాన్లకి ఏడేసి రెక్కలు, తిరుగుతున్నది నిమిషానికి 1200 చుట్లు. అంటే సెకనుకి 20 చుట్లు, ఏడు ఇరవైలు నూట నలభై. ఆ ముల్లు ఎవరిదో దొరికిపోయింది. వేగం 900కి దించితే ముల్లు 105కి జరిగి పొట్టిదైంది, కానీ వెంటనే కార్డు వేడెక్కి దాని సొంత ఫ్యాన్లు మోగడం మొదలెట్టాయి. ఒకదాన్ని నొక్కితే ఇంకొకటి లేస్తోంది.

ఇంకో వింత చప్పుడు కూడా ఉండేది. ఊఁ… ఊఁ… అంటూ అలలుగా వచ్చేది, ఒక్క ఫ్యాన్ నడిపితే మాయం. ఒకే రకం ఫ్యాన్లు రెండు దాదాపు ఒకే వేగంతో తిరుగుతుంటే ఇలా అవుతుంది. ఒకటి 1200, ఇంకొకటి 1220 అనుకోండి, ఏడు రెక్కలకి సెకనుకి రెండు సార్లకు పైగా ఆ ఊగుడు వినిపిస్తుంది. హోరుకైనా చెవి అలవాటు పడుతుంది గానీ దీనికి పడదు.

గాలి ఎటు పోతోందో చూడటానికి పూజ గదిలోంచి అగరుబత్తి తెచ్చాను. మా తమ్ముడు తలుపు దగ్గర నిలబడి, “అక్కా, దసరాకి ఇంకా టైముందిగా, ఆయుధపూజ ఇప్పుడే చేస్తున్నావేంటి?” అన్నాడు. పట్టించుకోకుండా పొగని కేబినెట్ వెనక్కి తీసుకెళ్లాను. గ్రాఫిక్స్ కార్డు కింద ఖాళీ స్లాట్లని మూసే సన్నటి రేకులుంటాయి కదా, వాటి సందుల దగ్గర పెడితే పొగ నిట్టనిలువుగా లేవాల్సింది పోయి చటుక్కున వంగి లోపలికి దూరింది. పక్క ప్యానెల్ అంచుల దగ్గరా అంతే. ముందు రెండు ఫ్యాన్లు తెచ్చే గాలి, బయటికి తోసే నాలుగింటికి చాలడం లేదు. మిగతాది ఎక్కడ సందు దొరికితే అక్కణ్ణుంచి లాగుతున్నాయి. ఆ సందులకి ఫిల్టర్లుండవు. మా వీధిలో ఏదో ఒక అపార్ట్‌మెంట్ కడుతూనే ఉంటారు కాబట్టి, కార్డు మీద సిమెంటు రంగు దుమ్ము ఎలా పేరుకుంటోందో అప్పుడర్థమైంది.

ఇక అసలు లెక్క. ఎంత గాలి కావాలి? ఘనమీటరు గాలి బరువు సుమారు 1.2 కిలోలు, కిలో గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి వెయ్యి జౌళ్లు పడుతుంది. 460 వాట్ల వేడిని, లోపలికొచ్చిన గాలి కన్నా బయటికి పోయే గాలి పది డిగ్రీలు మాత్రమే వేడిగా ఉండేలా బయటికి పంపాలంటే గంటకి 140 ఘనమీటర్ల గాలి కావాలి. ఫ్యాన్ల డబ్బాల మీద రాసే భాషలో 80, 85 సీఎఫ్‌ఎం, అంటే నిమిషానికి అన్ని ఘన అడుగులు. ఇది చూస్తే ధైర్యం వస్తుంది. ఒక్క 140 ఎంఎం ఫ్యాన్ డబ్బా మీదే 70, 80 రాసి ఉంటుంది కదా!

అక్కడే మెలిక. డబ్బా మీద సీఎఫ్‌ఎం అంకె ఫ్యాన్ ముందూ వెనకా ఏమీ అడ్డం లేనప్పటిది. పక్కనే ఉండే ఒత్తిడి అంకె, మిల్లీమీటర్ల నీటి లెక్కలో ఇచ్చేది, గాలి పోయే దారి పూర్తిగా మూసేసినప్పటిది. ఈ రెండూ ఒకే సమయంలో ఎప్పుడూ రావు. నిజంగా మెష్, ఫిల్టర్, రేడియేటర్ రెక్కల మధ్య ఆ ఫ్యాన్ ఈ రెండు కొసల నడుమ ఎక్కడో పనిచేస్తుంది. పైగా ఆ అంకెలు పూర్తి వేగానివి. నిశ్శబ్దం కోసం కొనేవాళ్లు పూర్తి వేగంతో ఎప్పుడు తిప్పుతారు?

వేగం తగ్గిస్తే ఏమవుతుందో మాత్రం కచ్చితంగా చెప్పొచ్చు. వేగం సగమైతే గాలి సగం, ఒత్తిడి పావు, చప్పుడు దాదాపు 15 డెసిబెల్స్ తక్కువ. అదే ఫ్యాన్ ఇంకొకటి జత చేస్తే పెరిగే చప్పుడు 3 డెసిబెల్సే. కాబట్టి ఒక ఫ్యాన్‌ని పూర్తి వేగంతో తిప్పే బదులు మూడింటిని సగం వేగంతో తిప్పితే, అడ్డం లేని చోట, గాలి ఒకటిన్నర రెట్లు వస్తుంది, చప్పుడు పది డెసిబెల్స్ తగ్గుతుంది. పది తగ్గడమంటే చెవికి సగం తగ్గినట్టు. నా ఎంపిక మొత్తం ఈ ఒక్క లెక్క మీదే నడిచింది: తక్కువ డెసిబెల్స్ రాసిన ఫ్యాన్ కోసం వెతకడం కాదు, ఎక్కువ ఫ్యాన్లు, వీలైనంత పెద్దవి, నెమ్మదిగా. కాకపోతే ఆ “ఒత్తిడి పావు” ఉంది చూశారూ, రేడియేటర్ దగ్గర అదే దెబ్బకొడుతుంది. దాని రెక్కలు దగ్గరదగ్గరగా ఉంటాయి, నెమ్మదిగా తిరిగే, ఒత్తిడి తక్కువున్న ఫ్యాన్ గాలిని అందులోంచి తొయ్యలేదు. అందుకని పైన ఒక రకం, ముందు ఇంకో రకం కొనాలని తేలింది.

రేడియేటర్‌నే ముందుకి మారిస్తే ఎలా ఉంటుందని కూడా ఆలోచించాను. అప్పుడు ప్రాసెసర్‌కి గదిలోని చల్లగాలి తగులుతుంది, కానీ 320 వాట్ల కార్డుకి రేడియేటర్‌లోంచి వచ్చిన వెచ్చటి గాలే దిక్కు. పైన ఉంచితే దీనికి తిరగేసి: కార్డుకి చల్లగాలి, రేడియేటర్‌కి కార్డు వదిలిన వేడి. నా పనిలో ఎక్కువ మోగేది కార్డు కాబట్టి పైనే ఉంచాను. గేమ్స్ జోలికి పోకుండా ప్రాసెసర్‌తోనే పనులు చేసుకునేవాళ్లకి ముందు పెట్టడమే మంచిదవ్వచ్చు. ఎక్కడ పెట్టినా రేడియేటర్ పై అంచు నీళ్లని తిప్పే పంపు కన్నా ఎత్తులో ఉండాలి, లేకపోతే లోపలున్న కాస్త గాలీ పంపులోకి చేరి గుడగుడలాడుతుంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి వెళ్లాను. చెనాయ్ ట్రేడ్ సెంటర్ పూర్తి పేరు, కానీ ఆటోవాళ్లతో సహా అందరికీ సీటీసీయే. ఏ షాపులో అడిగినా ముందు బయటికొచ్చేవి రంగురంగుల లైట్ల ఫ్యాన్లు. “లైట్లు వద్దండీ, ఉత్త నల్ల ఫ్యాన్లు చూపించండి” అంటే కౌంటర్‌లో అబ్బాయి నావైపు జాలిగా చూసి, “మేడం, గ్లాస్ ప్యానెల్ పెట్టుకుని ఆర్‌జీబీ లేకుండానా?” అన్నాడు. టేబుల్ కింద ఉండే డబ్బాకి దీపాలెందుకో నేను చెప్పలేదు, అతను అడగలేదు. మంచివాడు, అడిగిన ఫ్యాన్‌ని 12 వోల్టుల సప్లైకి తగిలించి తిప్పి చూపించాడు. నిలబెట్టి ఒకసారి, పడుకోబెట్టి ఒకసారి విన్నాను. రేడియేటర్ పైన ఉంటే దాని ఫ్యాన్లు పడుకునే తిరగాలి కదా. కొన్ని ఫ్యాన్లు నిలబడి తిరిగినంత సేపూ బుద్ధిగా ఉండి, పడుకోబెట్టగానే టిక్ టిక్ అంటాయి. షాపు రొదలో అది వినాలంటే చెవి ఫ్యాన్ చట్రానికి దాదాపు ఆనించాలి. పక్కవాళ్లు నవ్వినా పర్లేదు, వినాలి.

రేడియేటర్‌కి నాక్టువా ఎన్‌ఎఫ్-ఏ12ఎక్స్25 మూడు తీసుకున్నాను. ఆస్ట్రియా కంపెనీ, గోధుమరంగు ఫ్యాన్లతో పేరు పడ్డది. పూర్తి వేగం 2000 చుట్లు, 60 సీఎఫ్‌ఎం, ఒత్తిడి 2.34 మిల్లీమీటర్లు. రెక్కల కొసకీ చట్రానికీ మధ్య సందు అర మిల్లీమీటరే. ఆ సందులోంచి గాలి వెనక్కి జారదు కాబట్టి నెమ్మదిగా తిరిగినా రేడియేటర్‌లోంచి తోసే సత్తా ఉంటుంది. ఖరీదెక్కువ. ముందువైపుకి ఆర్కటిక్ పీ14 మూడు: 140 ఎంఎం, పూర్తి వేగం 1700 చుట్లు, 72.8 సీఎఫ్‌ఎం. ఒక నాక్టువా డబ్బులకి ఇవి రెండు మూడు వస్తాయి. అన్నీ ఖరీదైనవే కొనాల్సిన పనేముంది? డబ్బా టేబుల్ కింద ఉంటుంది, పైన జాలీ నేరుగా నా చెవి వైపూ మైకు వైపూ చూస్తుంది. డబ్బు అక్కడ పెట్టాను. ముందు ఫ్యాన్లు గోడ వైపు తిరిగి ఉంటాయి, వాటి చప్పుడు నాకు చేరేసరికి సగం చచ్చిపోతుంది. అన్నీ నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం రకమే, అంటే వోల్టేజీ తగ్గించకుండానే వేగం మార్చగలిగేవి. మూడు పిన్నులవాటిని వోల్టేజీ తగ్గించి నడిపితే మరీ నెమ్మదిగా పెట్టినప్పుడు అసలు కదలకపోవచ్చు.

బిగించేటప్పుడు జాగ్రత్త పడాల్సింది రేడియేటర్ స్క్రూల దగ్గర. 25 మిల్లీమీటర్ల మందం ఫ్యాన్‌కి 30 మిల్లీమీటర్ల స్క్రూ సరిపోతుంది. అంతకన్నా పొడుగైతే కొస రేడియేటర్ గొట్టంలోకి దిగుతుంది, తర్వాత నీళ్లు మదర్‌బోర్డు మీదే. ఫ్యాన్ల దిక్కు కూడా చూసుకున్నాను. రేడియేటర్ కింద ఉండి పైకి తోస్తే ఫ్యాన్ ఖాళీ జాగాలోంచి గాలి పీల్చుకుంటుంది, చప్పుడు తక్కువ. ఫ్యాన్ పీల్చుకునే వైపు దగ్గర్లో జాలీ గానీ రెక్కలు గానీ అడ్డొస్తే గాలి సుడి తిరిగి గొంతు మారిపోతుంది.

పైసా ఖర్చు లేని పనులు రెండు చేశాను, నన్నడిగితే ఫ్యాన్లంత మేలు అవే చేశాయి. కేబినెట్ పైన అయస్కాంతంతో అతుక్కునే ఫిల్టర్ ఒకటి వస్తుంది. పైనుంచి గాలి బయటికే పోతున్నప్పుడు ఆ ఫిల్టర్‌తో పనేముంది? తీసి పక్కన పడేశాను. అది ఉన్నప్పుడూ లేనప్పుడూ పైన అరచెయ్యి పెట్టి చూస్తే తేడా స్పష్టంగా తెలిసింది. రెండోది, ముందు మెష్‌కీ ఫ్యాన్లకీ పక్కన మిగిలే ఖాళీలు. లోపలికి తెచ్చిన గాలే ఆ సందుల్లోంచి వెనక్కి వచ్చి మళ్లీ ఫ్యాన్లోకే పోతుంది. గోడకి అంటించగా మిగిలిన ఫోము ముక్కలు కోసి అక్కడ కుక్కాను.

వెనక ఫ్యాన్ పీకేశాను. ఈ మాటకి మా తమ్ముడితో పెద్ద వాదనే అయింది, వెనక ఫ్యాన్ లేని కంప్యూటర్ వాడెక్కడా చూడలేదట. ముందు మూడు పెద్ద ఫ్యాన్లు గాలి నింపుతున్నప్పుడు వెనక కన్నం తెరిచి ఉంటే చాలు, గాలి తనే దారి చూసుకుంటుంది. ఆ ఫ్యాన్ పెట్టి చూశాను, తీసి చూశాను. కార్డు ఉష్ణోగ్రతలో ఒక డిగ్రీ తేడా కూడా నిలకడగా కనిపించలేదు, కానీ స్పెక్ట్రమ్‌లో ఒక ముల్లు తగ్గింది. మళ్లీ అగరుబత్తి వెలిగిస్తే స్లాట్ రేకుల దగ్గర పొగ ఈసారి లోపలికి పోకుండా మెల్లగా మా వైపే వచ్చింది.

ఆ తర్వాత మిగిలింది వేగం ఎప్పుడు పెంచాలన్నది. మామూలుగా బయోస్‌లో (మదర్‌బోర్డులోనే ఉండే సెట్టింగుల ప్రోగ్రాం) రేడియేటర్ ఫ్యాన్లు ప్రాసెసర్ ఉష్ణోగ్రతని బట్టి నడుస్తాయి. రైజెన్ ఒక బ్రౌజర్ తెరిచినా క్షణంలో పది, పదిహేను డిగ్రీలు ఎగిరి మళ్లీ దిగుతుంది, దాంతో ఫ్యాన్లూ ఎగిరి దిగుతాయి. నా మటుకు, ఒకే మోత కన్నా ఈ ఎగుడుదిగుడే ఎక్కువ విసిగిస్తుంది. నీళ్ల ఉష్ణోగ్రత అలా గంతులెయ్యదు. పావు లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే సుమారు వెయ్యి జౌళ్లు కావాలి, అంటే అదనంగా వంద వాట్లు పది సెకన్ల పాటు పడాలి. నా కూలర్ నీళ్ల ఉష్ణోగ్రతని యూఎస్‌బీ ద్వారా చెబుతుంది కాబట్టి ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రాంలో దాన్నే ఆధారం చేశాను. నీళ్లు 38 డిగ్రీల లోపుంటే 600 చుట్లు, 45కి 900, 52కి 1300. ఇలాంటి కూలర్లలో నీళ్లు 60 దాటనివ్వకూడదంటారు, దానికి ఇంకా బోలెడు దూరం ఉంది. ముందు ఫ్యాన్లకి ఆధారం గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రత. బయోస్‌లో ఇది కుదరదు, మదర్‌బోర్డుకి కార్డు సంగతి తెలియదు. ఆ మూడింటినీ మదర్‌బోర్డు మీద వేర్వేరు హెడర్లకి (ఫ్యాన్ వైరు గుచ్చే పిన్నులకి) పెట్టి, ఒక్కోదాని మధ్య వంద చుట్ల తేడా ఉంచాను. ఊఁ… ఊఁ… ఆ రోజుతో పోయింది.

ఫ్యాన్లు నోరు మూశాక అంతదాకా వినపడని పంపు వినిపించడం మొదలైంది. సన్నటి కీచు. దాన్ని పూర్తి వేగం నుంచి 70 శాతానికి దించితే చదవడానికి అడ్డురానంత తగ్గింది, నీళ్ల ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలకు మించి పెరగలేదు. కార్డు తినే కరెంటుకి కూడా 250 వాట్ల దగ్గర గీత గీశాను. రెండర్ టైము కొంచెం పెరిగింది, కానీ లోపల పుట్టే వేడి 70 వాట్లు తగ్గింది, అదే లెక్కన కావాల్సిన గాలీ తగ్గింది. ముందు ఫ్యాన్లు ఇప్పుడు ఎడిటింగ్‌లో 700 చుట్ల చుట్టుపక్కలే తిరుగుతున్నాయి.

వేసవిలో ఒకటి గుర్తుపెట్టుకోవాలి. గది 26 డిగ్రీలున్నప్పుడు నీళ్లు 36 చూపించడం, గది 35 ఉన్నప్పుడు 45 చూపించడం, రెండూ ఒకటే. గది కన్నా ఎంత ఎక్కువన్నదే లెక్క. ఎంత మంచి ఫ్యాన్ పెట్టినా నీళ్లు గది కన్నా చల్లబడవు. ఇది పట్టించుకోకుండా జనవరిలో పెట్టుకున్న వేగాలనే మేలో ఉంచితే ఫ్యాన్లు ఖాళీగా కూర్చున్నా పరిగెడతాయి. అందుకే నేను రెండు ప్రొఫైళ్లు పెట్టుకున్నాను, వేసవిదాంట్లో ప్రతి మెట్టూ ఆరు డిగ్రీలు పైకి జరిపి. ఇప్పుడు రాత్రి రికార్డు చేసిన ట్రాక్‌లో కంప్యూటర్ కన్నా పక్కింటివాళ్ల ఏసీయే ఎక్కువ వినిపిస్తోంది. ముందు ఫిల్టర్ నెలకోసారి కుళాయి కింద కడిగి, పూర్తిగా ఆరాక పెడుతున్నాను. గాలంతా దాని గుండానే వస్తోంది కాబట్టి మునుపటి కన్నా తొందరగా మురికవుతోంది. కార్డు మీద మాత్రం సిమెంటు రంగు కనబడటం మానేసింది.